సీసా అడిగే ప్రశ్న

పారేసిన బీరు మూత ఒకటి చేతిలోకి తీసుకుని అంచు చుట్టూ ఉన్న పళ్లు లెక్కపెట్టండి. 21 ఉంటాయి. చిన్నప్పుడు సోడా మూతల్ని రాయితో చదును చేసి, నడుమ రెండు చిల్లులు పొడిచి, దారం ఎక్కించి గిర్రున తిప్పేవాళ్లం. ఆ పళ్లు గాలిని కోస్తుంటే వచ్చే రొద ఇప్పటికీ చెవిలో ఉంది. అవి మా ఆట కోసం పెట్టినవి కావని, ఒక్కో పన్ను వెనుక ఒక్కో లెక్క ఉందని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో విలియం పెయింటర్ అనే ఆయన 1892లో ఈ మూతకు పేటెంట్ పొందాడు. అప్పట్లో 24 పళ్లు ఉండేవి. తరువాతి కాలంలో 21కి స్థిరపడ్డాయి. అప్పటికే గ్యాసు సీసాలకు రకరకాల బిరడాలున్నాయి. వాటిలో మనకు బాగా పరిచయమైనది గోళీ సోడా. ఇంగ్లండులో హైరమ్ కాడ్ 1872లో పేటెంట్ పొందిన ఆ సీసాలో లోపలి గ్యాసే గోళీని పైకి నెట్టి, మెడలోని రబ్బరు రింగుకు అదిమి పెడుతుంది. ఖైదీ చేతే గడియ వేయించినట్టు. పెయింటర్ వేరే దారి పట్టాడు. పల్చటి రేకును సీసా పెదవి మీద బోర్లించి, అంచును చుట్టూ ఒకేసారి కిందికి నొక్కాడు. వెడల్పుగా ఉన్న రేకు ఇరుకు చోటికి దిగాలంటే ముడతలు పడక తప్పదు. ఆ ముడతలే ఈ పళ్లు. రేకుకూ గాజుకూ మధ్య అప్పట్లో బెండు బిళ్ల ఉండేది, ఇప్పుడు ప్లాస్టిక్ పొర ఉంటోంది. ఒక పెద్ద బీరు సీసాలో కరిగి ఉన్న గ్యాసునంతా బయట సంచిలో పడితే లీటరున్నర దాటుతుంది. దాన్ని నెలల తరబడి పట్టి ఉంచేది ఆ ముడతలూ, ఆ పొరా.

ఈ మూత పనితనంలో ఒక విశేషం ఉంది. ఇది ఒక్కసారే పనిచేస్తుంది. ఓపెనర్ తగిలి అంచు లేచిందంటే ఆ ముడతలు మళ్లీ చేత్తో పడవు. పెయింటర్ కంపెనీలో సేల్స్‌మన్‌గా చేసిన కింగ్ జిలెట్‌కు, జనం ఒకసారి వాడి పారేసి మళ్లీ కొనుక్కునే వస్తువేదైనా కనిపెట్టమని పెయింటరే సలహా ఇచ్చాడని చెబుతారు. జిలెట్ తరువాత గడ్డం గీసుకునే బ్లేడుతో ప్రసిద్ధుడయ్యాడు. ఆ సలహాలోని గుట్టంతా ఈ మూతలోనే ఉంది. తీసిన మూత తీసినట్టే. ఆ తరువాత సీసాలో ఉన్నదంతా మన బాధ్యత.

విస్కీ తాగేవాడికి ఈ బాధ్యత లేదు. ఫుల్ బాటిల్ కొన్నా, క్వార్టర్ కొన్నా, మూత తిప్పి ఒక పెగ్గు పోసుకుని మళ్లీ బిగించి బీరువాలో పెట్టేయొచ్చు. 30 మిల్లీలీటర్లా, 60 మిల్లీలీటర్లా అన్నది అతని చేతి కొలత. బీరు అలా ఆగదు. మూత తీసిన క్షణం నుంచి గ్యాసు పోతుంది, గాలి తగిలి రుచి మారుతుంది, చల్లదనం దిగిపోతుంది. సగం తాగి రేపటికి దాచిన బీరుకూ, రాత్రి పోసి మరిచిన సోడాకూ పెద్ద తేడా ఉండదు. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిసి మరో సరుకైపోతుందని మన ఊళ్లలో అందరికీ తెలుసు. కానీ కల్లును లొట్టిలో నుంచి కావలసినంతే వంచుకుంటాం. బీరును మాత్రం కంపెనీ ముందే కొలిచి, మూత వేసి పంపుతుంది. విస్కీలో పెగ్గు కొలిచేది తాగేవాడు. బీరులో పెగ్గు కొలిచింది సీసా చేసినవాడు.

ఇది నాకు అర్థమైంది మా బావతో కూర్చున్న ఒక శనివారం సాయంత్రం. పెద్ద సీసా అయిపోయింది. "ఇంకోటి తీద్దామా, బావా?" అన్నాను. "నీ ఇష్టంరా" అన్నాడు. నా ఇష్టం ఆయన ఇష్టాన్ని బట్టి, ఆయన ఇష్టం నా ఇష్టాన్ని బట్టి. ఇలాంటి సంభాషణ ముగిసేది మూత ఊడిన చప్పుడుతోనే. తరువాత ఆలోచిస్తే ఒకటి తోచింది. ఆ సాయంత్రం మొత్తంలో ఆ ప్రశ్న వచ్చింది సీసా అడుగు కనబడినప్పుడే. మధ్యలో ఎవరం అడగలేదు. ప్రశ్న ఎప్పుడు రావాలో నిర్ణయించింది సీసా. ఆ లెక్కన ప్రతి సీసా, ప్రతి టిన్ను ఒక ప్రశ్న అడగడానికి చేసిన పనిముట్టు. దాని పరిమాణం అంటే ఆ ప్రశ్న ఎంత ఆలస్యంగా వస్తుందో చెప్పే కొలత. అప్పటి నుంచి వీటిని చేసిన చేతుల పనితనాన్ని ఆ దృష్టితో చూడడం అలవాటైంది.

ముందుగా మన 650 మిల్లీలీటర్ల పెద్ద సీసా. దీన్ని తక్కువ చేసి చూడడానికి వీల్లేదు. ఖాళీ సీసాను పక్కకు వాల్చి వెలుగులో తిప్పండి. రెండు పక్కలా అడుగు నుంచి పెదవి దాకా సన్నటి గీత కనిపిస్తుంది. రెండు అచ్చు సగాలు కలిసిన చోటు అది. అమెరికాలోని టొలీడో నగరంలో మైకేల్ ఓవెన్స్ 1903 నాటికి సీసాలు చేసే యంత్రాన్ని సిద్ధం చేశాక, మనిషి ఊపిరి ఊదకుండానే పెదవితో సహా సీసా తయారవడం మొదలైంది. అడుగు అంచును వేలితో తడమండి. చిన్న చిన్న గరుకు గీతలు తగులుతాయి. కొలిమిలోంచి వచ్చిన సీసా అడుగంతా బెల్టుకు ఆనకుండా, ఆ గీతల కొనలు మాత్రమే ఆనేలా చేసిన ఏర్పాటది. గీతలు పడితే గాజు బలం తగ్గిపోతుంది. అందుకే గీత పడినా నష్టం లేని చోటును ముందే కేటాయించారు.

ఇంకా దగ్గరగా చూస్తే కొన్ని సీసాల భుజం మీదా, అడుగుకు కాస్త పైనా తెల్లగా అరిగిన పట్టీలు కనిపిస్తాయి. కొత్త సీసాకు అవి ఉండవు. మన దగ్గర ఖాళీ సీసా పాతసామాన్ల వాడి గోతంలోకి చేరి, అక్కడి నుంచి మళ్లీ బ్రూవరీకి వెళ్లి, కడిగించుకుని, కొత్త బీరుతో తిరిగొస్తుంది. ప్రతి ప్రయాణంలో పక్క సీసాలతో రాసుకుంటుంది. రాపిడి అంతా లేబుల్ మీదా, నడుము మీదా పడకుండా భుజం దగ్గరా, అడుగు దగ్గరా రవ్వంత ఉబ్బుగా ఉండేలా అచ్చు పోస్తారు. తెల్ల పట్టీ ఎంత మందంగా ఉంటే ఆ సీసా అంత లోకం చూసిందన్నమాట. ఎడ్లబండి ఇరుసు అరుగుదలను చూసి బండి వయసు చెప్పే పెద్దవాళ్లలా, ఈ పట్టీలను చూసి సీసా ఎన్ని చేతులు మారిందో ఊహించవచ్చు.

దాని రంగు వెనుక కూడా పనితనముంది. బీరుకు చేదునిచ్చే హాప్స్ పువ్వులోని పదార్థాలు వెలుగు తగిలితే విరిగిపోయి, గంధకం కలిసిన ఒక దుర్వాసన పుట్టిస్తాయి. అమెరికాలో స్కంక్ అనే జంతువు వదిలే కంపుతో దాన్ని పోలుస్తారు. లక్ష కోట్ల భాగాల్లో కొద్ది భాగాలు ఉన్నా ముక్కు పట్టేస్తుంది. ఆ నష్టం చేసే నీలి, ఊదా వెలుగును గోధుమరంగు గాజు చాలావరకు ఆపుతుంది. ఆకుపచ్చ గాజు అంతగా ఆపలేదు, తెల్ల గాజు అసలే ఆపలేదు. కాబట్టి అందంగా కనిపించే పచ్చ సీసాను ఎండలో పెట్టి అమ్మే కొట్టులో కొనకపోవడం మంచిది.

ఇన్ని మంచి గుణాలున్న పెద్ద సీసా ఒక్కడికి మాత్రం సరిపడదు. అది చేసినవాడి తప్పు కాదు, మనం వాడే తీరులో తప్పు. ఏప్రిల్ నెలలో విజయవాడలోనో, వరంగల్‌లోనో మేడ మీద కూర్చున్నవాడు 650 మిల్లీలీటర్లు ఒక్కడే తాగాలంటే, చివరి గ్లాసు వేడెక్కక ముందే అవగొట్టాలని తొందరపడతాడు. తాగే వేగాన్ని దాహం బదులు ఎండ నిర్ణయిస్తుంది. అదే సీసాను ఇద్దరు పంచుకుంటే తలా 325 మిల్లీలీటర్లు వస్తుంది. చిన్న సీసాలో పట్టేది 330. అంటే పెద్ద సీసాను ఇద్దరి కోసం చేసిన రెండు చిన్న సీసాల జోడీ అనుకుంటే దాని అర్థం బోధపడుతుంది. గాజు తక్కువ, మూత ఒకటే, ఖర్చు తక్కువ, మనిషి తోడు.

అసలు లెక్క గ్రాముల్లో ఉంది. లేబుల్ మీద రాసే శాతం ఘనపరిమాణంలో ఆల్కహాల్ వాటా. ఒక మిల్లీలీటరు ఆల్కహాల్ బరువు సుమారు 0.79 గ్రాములు. 5 శాతం మైల్డ్ బీరు పెద్ద సీసాలో దాదాపు 26 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మన దేశంలో ఎక్కువగా అమ్ముడుపోయేది స్ట్రాంగ్ బీరు. అది 5 శాతం దాటి 8 శాతం దాకా ఉండొచ్చు. 8 శాతం పెద్ద సీసాలో 41 గ్రాములు. మన విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది కదా. ఆ లెక్కన 60 మిల్లీలీటర్ల పెగ్గులో 20 గ్రాములు. "నేను హాట్ ముట్టను, బీరే" అని గొప్పగా చెప్పుకునే మనిషి ఒక స్ట్రాంగ్ పెద్ద సీసా ఖాళీ చేస్తే రెండు పెద్ద పెగ్గులు వేసినట్టే. పైగా ఆ రెండు పెగ్గుల మధ్య అతన్ని అడిగే ప్రశ్న ఒక్కటీ రాలేదు.

చిన్న సీసా సంగతి చూద్దాం. వైన్స్‌లో "పింట్ ఇవ్వు" అంటే 330 మిల్లీలీటర్లది ఇస్తారు. ఇంగ్లండు పింట్ 568 మిల్లీలీటర్లు, అమెరికా పింట్ 473. పేరు ఒకటే అయినా మన పింట్ మూడింటిలోకీ చిన్నది. ఈ విషయంలో మనదే మేలు. దీని మెడ పొడవుగా ఉండడంలో ఒక లాభముంది. చేత్తో మెడ దగ్గర పట్టుకుంటే అరచేతి వేడి కడుపులోని బీరుకు తగలదు. మంచు పట్టిన సీసాను పొట్ట దగ్గర పట్టుకుని కబుర్లు చెప్పేవాడు తన బీరును తానే కాచుకుంటున్నట్టు. చిన్న సీసా పెద్దదానికన్నా త్వరగా వేడెక్కే మాట నిజమే. వస్తువు చిన్నదైనకొద్దీ దాని పరిమాణంతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ. కానీ అది వేడెక్కే లోపు అయిపోతుంది. దాని గుణమంతా ఆ త్వరగా అయిపోవడంలోనే ఉంది. మైల్డ్ అయితే 13 గ్రాములు, 8 శాతం స్ట్రాంగ్ అయితే 21 గ్రాములు. అంటే స్ట్రాంగ్ పింట్ ఒకటి ఒక పెద్ద పెగ్గుతో సమానం. చిన్న సీసా కొన్నానన్న తృప్తితో స్ట్రాంగ్ కొంటే, ఒక చేత్తో దాచింది రెండో చేత్తో ఖర్చు పెట్టినట్టే.

ఇక టిన్ను. పనితనం చూడాలంటే దీన్ని మించిన వస్తువు వంటింట్లో దొరకదు. 1935 జనవరి 24న అమెరికాలో క్రూగర్ అనే బ్రూవరీ మొదటిసారి బీరును టిన్నులో అమ్మింది. అవి బరువైన స్టీలు డబ్బాలు. తాగాలంటే మొనదేలిన పనిముట్టుతో పైన చిల్లు పొడవాలి. ఇప్పటి అల్యూమినియం టిన్ను అలాంటిది కాదు. ఒక గుండ్రటి బిళ్లను అచ్చులో నొక్కి ముందు కప్పులా చేస్తారు. ఆ కప్పును వరసగా ఇరుకవుతున్న రింగుల గుండా దూర్చుతారు. ప్రతి రింగులోనూ గోడ పల్చబడుతుంది, పొడవు పెరుగుతుంది. చివరికి గోడ మందం మిల్లీమీటరులో పదో వంతు. పక్కన అతుకు లేదు, అడుగున అతుకు లేదు. కుమ్మరి సారె మీద మట్టిని పైకి లాగినట్టు, లోహాన్ని పైకి లాగారు. మామూలు చిన్న టిన్ను బరువు 13 గ్రాముల చుట్టూ ఉంటుంది.

అంత పల్చటి గోడ 90 పి.ఎస్.ఐ. దాకా ఒత్తిడి తట్టుకునేలా తయారవుతుంది. కారు టైరులోని గాలికి దాదాపు మూడింతలు. ఖాళీ టిన్నును పసిపిల్లాడైనా నలిపేస్తాడు. నిండు టిన్ను మీద మనిషి నిలబడినా కదలదు. లోపలి గ్యాసే దానికి వెన్నెముక. అడుగు లోపలికి గిన్నెలా వంగి ఉండడం అందం కోసం కాదు. ఆనకట్టను నీటి వైపు వంపు తిప్పి కట్టినట్టు, ఒత్తిడి వచ్చే వైపుకు వంపు తిప్పారు. చదునైన అడుగు పెడితే ఇంకా మందమైన లోహం కావాలి. పైమూత గోడకన్నా మందం, అందుకే ఖరీదు. ఆ ఖర్చు తగ్గించడానికే టిన్ను మెడను కాస్త కాస్తగా లోపలికి నొక్కుతూ వచ్చారు. మూత చిన్నదైనకొద్దీ లోహం మిగులుతుంది. కోట్ల టిన్నుల మీద ఆ మిగులు టన్నుల్లోకి చేరుతుంది.

ఇప్పుడు ఆ పైనున్న రింగును చూడండి. ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌కు చెందిన ఎర్మల్ ఫ్రేజ్ 1960ల మొదట్లో లాగితే ఊడొచ్చే రింగు చేశాడు. జనం లాగి ఎక్కడపడితే అక్కడ పారేశారు. సముద్రపు ఒడ్డున ఉత్తకాళ్లతో నడిచేవాళ్లకు అవి గుచ్చుకున్నాయి. 1975లో రేనాల్డ్స్ మెటల్స్ కంపెనీకి చెందిన డేనియల్ కుడ్జిక్ రూపొందించిన మూత వచ్చింది. అందులో రింగు ఊడదు, నాలుక తెగదు, లోపలికి వంగి ఊరుకుంటుంది. ఎందుకంటే చుట్టూ గీసిన గీత పూర్తిగా కలవదు. ఒక చోట కావాలనే గీత ఆపేశారు. రింగును పట్టి ఉంచే బొడిపె కూడా బయటినుంచి తెచ్చి అతికింది కాదు, మూత లోహాన్నే ఉబ్బించి నొక్కింది. మనం రింగు లేపగానే ముందు కొద్దిగా గ్యాసు పోతుంది, ఆ "స్‌స్" అదే. లోపలి ఒత్తిడి పడిపోయాక అదే రింగు తన ఆనికను మార్చుకుని నాలుకను కిందికి నెడుతుంది. ఒక్క వేలి కదలికలో మీటపని రెండు రకాలుగా జరుగుతుంది. మనకు తెలిసేది ఒక్క చప్పుడే.

టిన్నులోకి వెలుగు చొరబడదు, గాలి దూరదు. లోపల పల్చటి పూత ఉంటుంది కనుక బీరు లోహానికి తగలదు. "టిన్ బీరుకు రేకు వాసన" అనేవాళ్లు టిన్నుకే పెదవి పెట్టి తాగుతారు కాబట్టి అలా అంటారు. గ్లాసులో పోసుకుంటే ఆ మాట ఆగిపోతుంది.

కానీ ఇక్కడే జాగ్రత్తపడాలి. మామూలు 330 టిన్నూ 500 టిన్నూ పక్కపక్కన పెట్టండి. రెండింటి వ్యాసం ఒకటే, 66 మిల్లీమీటర్లు. మూత ఒకటే, రింగు ఒకటే. తేడా ఎత్తులోనే. ఒకటి 115 మిల్లీమీటర్లు, మరొకటి 168. ఫ్యాక్టరీకి ఇది గొప్ప సౌలభ్యం. తాగేవాడి చేతికి మాత్రం తేడా తెలియదు, ఎందుకంటే పట్టు ఒకటే. సన్నగా పొడవుగా ఉండే మరో రకం 330 టిన్ను కూడా ఉంది. అది చూడ్డానికి ఎక్కువున్నట్టు అనిపిస్తుంది, నిజానికి పట్టేది అంతే. కాబట్టి టిన్ను కొనేటప్పుడు కంటినీ చేతినీ నమ్మకూడదు, అంకెను నమ్మాలి. 500 టిన్ను స్ట్రాంగ్ అయితే 32 గ్రాములు. "ఒక టిన్నే కదా" అనే మాట వెనుక పెగ్గున్నర దాక్కుని ఉంటుంది. పెద్ద సీసాలా దాన్ని పంచుకోవడమూ ఉండదు. టిన్ను అంటే ఎవరిది వారిదే.

పరిమాణాన్నే ఒక కళగా తీసుకున్న దేశం జపాన్. అక్కడ అసాహి, కిరిన్ బీరు టిన్నుల వరస 135 మిల్లీలీటర్ల దగ్గర మొదలై 250, 350, 500 అని మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. 135 అంటే మన టీ గ్లాసు కన్నా కాస్త ఎక్కువ, 5 గ్రాముల ఆల్కహాల్. దానికీ అంతే ముస్తాబుగా రింగు, గోపురం అడుగు, అతుకులేని గోడ. చిన్నపిల్లకు పట్టులంగా కుట్టినట్టు, తగ్గించింది కొలతే, కుట్టులో నాణ్యత కాదు. వాళ్ల పెద్ద సీసా 633 మిల్లీలీటర్లు ఉండడానికీ ఒక కథ ఉంది. 1944లో పన్ను లెక్క కోసం సీసాలన్నింటికీ ఒకే కొలత పెట్టాల్సి వచ్చింది. అప్పటికే వాడుకలో ఉన్న పెద్ద సీసాల్లో అన్నిటికన్నా తక్కువ పట్టేదాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. ఎక్కువ పట్టే సీసాలో తక్కువ పోయొచ్చు కానీ, తక్కువ పట్టేదాంట్లో ఎక్కువ పోయలేం కదా. ఆ కొలత కచ్చితంగా 633.168 మిల్లీలీటర్లు. అందరికీ సరిపోయేది కావాలంటే చిన్నదాన్ని ఎంచుకోవాలన్న తెలివి ఆ దశాంశాల్లో ఉంది.

జర్మనీలోని కొలోన్ నగరానిది మరో దారి. అక్కడి బీరు పేరు కోల్ష్. 1986లో అక్కడి బ్రూవరీలు రాసుకున్న ఒప్పందంతో ఆ పేరుకు హద్దులు ఏర్పడ్డాయి. దాన్ని పోసేది 200 మిల్లీలీటర్ల సన్నటి, నిటారు గ్లాసులో. ఆ గ్లాసును ష్టాంగే అంటారు, అంటే కర్ర. క్యోబెస్ అని పిలిచే సర్వర్లు ఆ గ్లాసులను చుట్టూ గుంటలున్న గుండ్రటి పళ్లెంలో, నడిమి పిడి పట్టుకుని మోసుకొస్తారు. గ్లాసు చిన్నది కనుక బీరు ఎప్పుడూ చల్లగా, నురగతో ఉంటుంది. ఒక్కో గ్లాసులో 8 గ్రాముల లోపే. మొదటిసారి విన్నప్పుడు, ఇంతకన్నా మితం ఎక్కడుంటుంది అనుకున్నాను. అసలు సంగతి వేరు. గ్లాసు ఖాళీ కాగానే సర్వర్ అడక్కుండానే మరొకటి పెట్టి, గ్లాసు కింది అట్టబిళ్ల మీద పెన్సిలుతో ఒక గీత గీస్తాడు. మీరు ఆ బిళ్ల తీసి గ్లాసు మీద మూతలా పెట్టేదాకా ఇది ఆగదు. గ్లాసు చిన్నదే, కానీ అది ప్రశ్న అడగదు. జవాబు మీరే ముందుకొచ్చి చెప్పాలి. చిన్న పాత్ర ఒక్కటే మితాన్ని తేలేదని కొలోన్ నేర్పుతుంది. అదే చోట దానికి విరుగుడునూ పెట్టింది. ఎన్ని తాగారో గీతలు చెబుతాయి, ఆపాలనుకుంటే ఒక బిళ్ల చాలు, ఎవరికీ వివరణ ఇచ్చుకోనక్కర్లేదు.

మన పబ్బుల్లో బల్ల నడుమ పెట్టే పిచ్చర్‌కు ఈ గీతలూ లేవు, ఆ బిళ్లా లేదు. సగం ఖాళీ అయిన గ్లాసులో ఎవరో ఒకరు పోస్తూనే ఉంటారు. గ్లాసు ఎప్పుడూ ఖాళీ కాదు గనుక లెక్క ఎప్పుడూ మొదలవదు.

ఇంతకీ వారాంతానికి ఏది కొనాలి? ముందుగా ఒక మాట. ఆరోగ్యానికి ఏమాత్రం హాని చేయని ఆల్కహాల్ మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. అలవాటు లేనివాళ్లు ఈ వ్యాసం చదివి మొదలుపెట్టాల్సిన పని లేదు. టిన్ను పనితనాన్ని కూల్‌డ్రింకు టిన్నులోనూ చూడొచ్చు. మన రెండు రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండనివాళ్లకు ఇది అసలు వర్తించదు. తాగేవాళ్లకు బ్రిటన్ ఆరోగ్య శాఖ చెప్పే హద్దు వారానికి 14 యూనిట్లు, అంటే 112 గ్రాములు. అదీ ఒకటి రెండు రోజుల్లో కుమ్మరించకుండా, మూడు లేదా అంతకన్నా ఎక్కువ రోజులకు సర్దుకోవాలంటారు. మూడు స్ట్రాంగ్ పెద్ద సీసాలతో ఆ వారం హద్దు దాటిపోతుంది. మన దగ్గర చాలామందికి ఇది ఒక్క ఆదివారం మధ్యాహ్నం పని. బండి తీయాల్సి ఉంటే లెక్కలే వద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరమని మోటారు వాహనాల చట్టం అంటోంది. ఆ గీతకు ఏ సీసా ఎంత దూరమో ఒళ్లును బట్టి మారుతుంది కనుక, తాళంచెవి ఇంట్లో వదిలేయడమే లెక్క.

ఆ హద్దుల్లో ఉండేవాడికి నేను చెప్పే ఎంపిక ఇది. ఒక్కడివైతే మైల్డ్ పింట్, సీసా అయినా టిన్ను అయినా. ఇద్దరైతే ఒక మైల్డ్ పెద్ద సీసా, రెండు గ్లాసులు. 500 టిన్ను నచ్చితే మైల్డే తీసుకుని, ఆ సాయంత్రానికి అదే మొదలూ చివరా అనుకోవాలి. ఫ్రిజ్‌లో ఆ రోజుకు కావలసినవే చల్లబెట్టాలి, మిగతావి బయటే ఉండాలి. వేడి బీరును చల్లబరచడానికి పట్టే సమయంలో "ఇంకోటి" అనే కోరిక చాలాసార్లు తానే చల్లారిపోతుంది. జంతికలో, ఉడకబెట్టిన పల్లీలో ముందే పెట్టుకుంటే ఆకలి పనిని బీరుకు అప్పగించక్కర్లేదు.

నేను ఇప్పుడు పింట్లే కొంటున్నాను. ప్రశ్న తొందరగా వస్తుంది. మొదటి 13 గ్రాములకే వస్తుంది కనుక జవాబు చెప్పే మనిషి ఇంకా నిలకడగా ఉంటాడు. 41 గ్రాముల తరువాత అదే ప్రశ్న వేస్తే జవాబు చెప్పేవాడు వేరే మనిషి.

కొలోన్ అట్టబిళ్ల కథ మా బావకు చెప్పాను. విని ఊరుకున్నాడు. తరువాతి శనివారం ఇద్దరి సీసాలూ ఖాళీ అయ్యాయి. అలవాటు కొద్దీ "ఇంకోటి, బావా?" అన్నాను. ఈసారి "నీ ఇష్టంరా" అనలేదు. మా ఇంట్లో అట్టబిళ్లలు ఎక్కడివి. పక్కనున్న జంతికల డబ్బా స్టీలు మూత తీసి, తన గ్లాసు మీద బోర్లించాడు.